గాలి మోటరుకు ముందు నడిచిన మనిషి

మొన్న వానలు తెరిపినిచ్చాక మా చెల్లెలి కొడుకు నన్ను పాలంపేట దగ్గర తన పొలానికి తీసుకుపోయాడు. వరికి మందు కొట్టిస్తున్నాను, ఇంట్లో టీవీ ముందు కూర్చుని మాత్రం ఏం చేస్తావు పెద్దమ్మా, వచ్చి చూడు అన్నాడు. నా వయసు వచ్చాక ఎవరైనా ఎక్కడికైనా తీసుకుపోతామంటే రెండో మాట లేకుండా చెప్పులు వేసుకోవాలి, మళ్ళీ అడగరు. గట్టు మీద నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మందు కొట్టే డ్రోన్‌ను ఆటోలో వేసుకుని ఒక మహిళా సంఘం అమ్మాయి వచ్చింది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు టోపీ, మెడలో రిమోటు. ఎగరేసే ముందు పొలం నాలుగు వైపులా చూసుకుని, అక్కడున్న వాళ్ళందరిలో పనీపాటా లేకుండా కనిపించింది నేనే కాబట్టి నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, గీ పొలంల అడ్డం తీగలేమన్న ఉన్నయా?" అని అడిగింది. పొలం నాది కాదు, నాకు తెలియదు బిడ్డా అనాల్సిన దాన్ని, ఆ అమ్మాయి ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి మా చెల్లెలి కొడుకే వచ్చి ఆ అమ్మాయికి కరెంటు స్తంభాలు చూపించాడు. పెద్దమ్మకు ఎండ తగిలినట్టుంది అని నాకు నీళ్ళ సీసా ఇచ్చారు. నేనూ తాగాను.

ఆ ప్రశ్న మా ఆయనది. డెబ్బైల చివర్లో ఆయన ఉద్యోగమే ఆ ప్రశ్న అడగడం. అప్పట్లో పంటలకు పురుగు పట్టినప్పుడు విమానంతో మందు కొట్టేవారు. మా వైపు దాన్ని గాలి మోటరు అంటారు. ఒకే ఒక్క మనిషి పట్టే చిన్న విమానం, ముందు భాగంలో మందు తొట్టి, రెక్కల కింద వరసగా సన్నటి గొట్టాలు. వరంగల్ దగ్గర మామునూరు మైదానంలో దిగేది. దాన్ని నడిపించే కంపెనీ ఎక్కడిదో నాకు సరిగ్గా తెలియదు, జీతం మాత్రం వేళకు వచ్చేది. విమానం అనగానే అందరూ మేఘాల్లో పోయేదనుకుంటారు. ఇది అలాంటిది కాదు. తలమీద గంపతో పోయే మనిషి ఎదురైతే ఆ గంపకు తగులుతుందేమో అన్నంత కిందికి దిగి, పొలం ఈ చివరి నుంచి ఆ చివరికి మందు చల్లుకుంటూ పోయి, చివర్లో చెట్లు వచ్చేసరికి ఒక్కసారి పైకి లేచి, తిరిగి మళ్ళీ దిగేది. పైనుంచి పడితే కొంపలు మునుగుతాయని మనం భయపడతాం గానీ, దానికి ప్రమాదమంతా కిందే. చెట్లు, స్తంభాలు, మంచెలు, అన్నిటికంటే ముందు తీగలు.

చెట్టు కనిపిస్తుంది, స్తంభం కనిపిస్తుంది. తీగ కనిపించదు. అంత వేగంలో వచ్చేవాడికి అది కనిపించేసరికి పని అయిపోతుంది. అందుకని విమానం రాబోయే ముందు సాయంత్రం ఒక మనిషి ఆ పొలమంతా కాలినడకన తిరిగి, అడ్డాలన్నీ చూసి, ఏ చెట్టు ఎక్కడుందో, ఏ తీగ ఎటునుంచి ఎటు పోతుందో పైలెట్‌కు చెప్పాలి. ఆ మనిషి మా ఆయన. ఉద్యోగం పేరు ఏదో ఇంగ్లీషులో ఉండేది. మా అత్తమ్మ మాత్రం ఎవరడిగినా "మావోడు గాలి మోటరుకు ముందట నడుస్తాండు" అని చెప్పేది. మాది వరంగల్‌లోనే కొత్తవాడ, ఇంట్లో జంపఖానాల మగ్గం. మా ఆయన పుట్టి పెరిగిందంతా ఆ మగ్గం గుంట పక్కనే. పడుగులో వందల పోగుల మధ్య ఒక్క పోగు తెగితే నాకు సాయంత్రానికి గానీ తెలిసేది కాదు, ఆయన గుమ్మంలో నిలబడే చూపించేవాడు. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఇది అడిగారో లేదో తెలియదు గానీ, తీగ చూడటానికి అంతకంటే మంచి కళ్ళు వాళ్ళకు దొరికేవి కావు. పొద్దు గూకే వేళకు పొలంలోకి దిగి, సూర్యుడి వైపు ముఖం పెట్టి, తల పైకెత్తి, వెనక్కి వెనక్కి నడిచేవాడట. వెలుగుకు ఎదురుగా తీగ నల్లగా తేలుతుందని చెప్పేవాడు. అలా నడిచి ఎన్నిసార్లు బురదమడిలో వెల్లకిలా పడ్డాడో ఆ బట్టలు ఉతికిన నాకు తెలుసు.

బట్టల సంగతి చెప్పాలంటే అదో వేరే భారతం. విమానం ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో తెలిసేలా పొలం రెండు చివర్లా ఇద్దరు తెల్లజెండాలు పట్టుకుని నిలబడాలి. ఒక వరస అయ్యాక ఇన్ని అడుగులు పక్కకు జరగాలి. కూలికి పెట్టుకున్న మనుషులు రాని రోజు మా ఆయనే ఒక జెండా పట్టుకునేవాడు. ఇంటికొచ్చేసరికి నెత్తిన, మీసాల మీద, చొక్కా మీద మందు పట్టి ఉండేది. ఉల్లిగడ్డ కుళ్ళినట్టు ఒక వాసన. ఆ చొక్కాలు విడిగా ఉతికి విడిగా ఆరేసేదాన్ని, అయినా ఆ వాసన అన్నంలోకి కూడా వచ్చేది. మందు మనిషికి మంచిది కాదని అప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పినా మేం పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదేమో. అత్తమ్మకు మాత్రం కోపం జెండాల మీద. జెండా గుడ్డ చిరిగిపోతోందని మా ఆయన చెబితే, ఆమె మగ్గం మీద మందపాటి తెల్లగుడ్డ నేసి ఇచ్చింది. అది మళ్ళీ వచ్చేసరికి పచ్చగా, జిడ్డుగా అయిపోయింది. "గింత మంచి గుడ్డను పురుగుల మందుకు పెట్టిన్రు, వీళ్ళ చేతులు విరగ" అని ఆ పూటంతా సణిగి, మర్నాడు ఇంకొకటి నేయడానికి కూర్చుంది.

పైలెట్‌ను అందరూ కెప్టెన్ సాబ్ అనేవారు. మరాఠా దేశం మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, నవ్వితే ముందుపళ్ళ మధ్య సందు కనిపించేది. ఒక ఆదివారం మా ఆయనతోపాటు మా ఇంటికి వచ్చి, మగ్గం గుంట అంచున కూర్చుని, అత్తమ్మ నేస్తుంటే పూటంతా చూశాడు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెడితే కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ మూడు రొట్టెలు తిన్నాడు. తన భార్యకు పంపడానికి ఒక జంపఖానా కావాలి, దాని మీద విమానం బొమ్మ ఉండాలి అన్నాడు. అత్తమ్మకు విమానం ఎలా ఉంటుందో చూపించాలని మమ్మల్నిద్దరినీ మామునూరు తీసుకుపోయారు. ఆమె దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, చెయ్యి పెట్టి తడిమి చూసి, "గిది రేకే గద కొడుకా" అంది. నేసిన బొమ్మ విమానం కంటే చేపకు దగ్గరగా వచ్చింది. కెప్టెన్ సాబ్ దాన్ని చూసి చాలాసేపు నవ్వి, కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. ఆ మనిషి మా ఇంటికి వచ్చింది నాలుగైదు సార్లే, అయినా ఆయనకని మా ఇంట్లో ఒక కంచం ఉండేది.

పొద్దున విమానం లేచే ముందు వాళ్ళిద్దరి మధ్యా జరిగే మాటలు మా ఆయన ఇంట్లో యాక్టింగ్ చేసి చూపించేవాడు. ముందు మా ఆయన కట్టెపుల్లతో నేల మీద పొలం గీసి చెట్లు, స్తంభాలు, తీగలు ఎక్కడెక్కడున్నాయో అన్నీ చెప్పేవాడు. కెప్టెన్ సాబ్ వినేవాడు, తిరిగి తానే ఒకసారి చెప్పి చూపించేవాడు. తర్వాత విమానం ఎక్కి కూర్చుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, "బాకీ సాఫ్?" అని అడిగేవాడు. చెప్పినవి కాకుండా మిగతాదంతా ఖాళీయేనా అని. మా ఆయన "సాఫ్" అనేవాడు. ఆ ఒక్కమాట అన్నాకే ఇంజను తిరిగేది. మా ఆయనకు ఆ మాట అంటే ఎంత గర్వమో, ఎంత భయమో నాకు తెలుసు. నిద్రలో కూడా ఒకసారి సాఫ్ అన్నాడు. నేను పొద్దున ఆటపట్టిస్తే, ఉత్త మాట కాదే అది, ఆయన పాణం నా నోట్లో ఉంటది అన్నాడు. ఆ రోజు నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఇక్కడ జీపుల గురించి కొంచెం చెప్పాలి. ఇప్పటివాళ్ళకు జీపంటే సరదా. అప్పట్లో ఊళ్ళోకి జీపు వచ్చిందంటే ఏదో పోతుందనే లెక్క. పిల్లలు పుట్టకుండా మగవాళ్ళను పట్టుకుపోయి ఆపరేషన్లు చేసిన రోజులు అంతకు కొద్దికాలం ముందే గడిచాయి. మా ఆయన జీపు ఊరి మొదట్లో కనిపించేసరికి కొన్ని ఊళ్ళలో మగ పురుగు లేకుండా అందరూ చేలల్లో పడి పారిపోయేవారట. ఒక ఊళ్ళో ఒక ముసలాయన మాత్రం కదలకుండా కూర్చుని, "నాకు పోయినేడే చేసిన్రు సారు, ఇంక ఏం మిగల్లేదు" అని దండం పెట్టాడట. మా ఆయన ఈ కథ చెప్పినప్పుడల్లా అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అందుకని ఆయన ఊళ్ళవాళ్ళను పలకరించడం మానుకుని, జీపు బాట మీదే ఆపి, నేరుగా పొలంలోకి పోయి, చూసుకుని వచ్చేసేవాడు. అలా చాలా ఊళ్ళు తిరిగాడు, ఏ తీగా ఆయన్ని దాటిపోలేదు.

ఒక్కటి మాత్రం దాటబోయింది. స్తంభం ఒరిగిపోకుండా పక్కకు లాగి నేలలో పాతే తీగ ఒకటి వేపచెట్టు కొమ్మల్లో కలిసిపోయి ఉంది. మా ఆయన స్తంభం చెప్పాడు, చెట్టు చెప్పాడు, ఈ తీగ చెప్పలేదు. విమానం చక్రం దానికి జానెడు ఎడంగా పోయిందట. కెప్టెన్ సాబ్ దిగాక కోప్పడలేదు. టీ తాగుతూ, కళ్ళ మీద అంత భరోసా పెట్టుకోకు, ముందు ఊరివాళ్ళను అడుగు, తమ పొలంలో ఏముందో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు కదా అన్నాడట. ఆ రాత్రి మా ఆయన సరిగ్గా తినలేదు. తర్వాత నుంచి పద్ధతి మార్చుకున్నాడు. ముందు ఊరి మధ్యలో జీపు దిగడం, నలుగురిని పిలిచి తీగలేమన్న ఉన్నయా అని అడగడం, ఆ తర్వాత పొలంలోకి పోవడం. మంచి పద్ధతే. నేనూ మంచి పద్ధతే అన్నాను.

పాలకుర్తి పోయే దారిలో ఒక ఊరు. పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో బతుకుతున్నారు. ఆ ఏడు వరికి దోమ పట్టింది. విమానం వస్తుందని ముందురోజే ఊళ్ళో డప్పు కొట్టించారు, పశువులను పొలాల్లోకి వదలొద్దు, బావులకు మూతలు వేసుకోండి అని. సాయంత్రం మా ఆయన ఊరి మధ్యలో జీపు దిగి అడిగాడు. "ఏం తీగలు లేవు సారు, గా పెద్ద లైను తప్ప" అన్నారు. మా ఆయన పొలంలోకి పోయి, ఎప్పటిలాగే పొద్దు వైపు ముఖం పెట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచాడు. పెద్ద లైను చూశాడు. ఒక తాటిచెట్టు, దానికి కొంచెం ఎడంగా ఒక తుమ్మచెట్టు, ఆ వెనక ఒక బావి చూశాడు. ఇంకేమీ లేదు. ఇంటికొచ్చి మామూలుగానే అన్నం తిన్నాడు. పొద్దున చీకటితోనే మామునూరు పోయి, నేల మీద తాటిచెట్టు, తుమ్మచెట్టు, పెద్ద లైను గీసి చూపించాడు. బాకీ సాఫ్ అని కెప్టెన్ సాబ్ అడిగాడు, సాఫ్ అని ఈయన చెప్పాడు. చెప్పి, విమానం ముందు ఇంకో ఊరి పొలాల మీద మందు కొట్టి వచ్చేలోపు జీపులో పొలానికి పోయి జెండా పట్టుకుని నిలబడ్డాడు.

తాటిచెట్టుకూ తుమ్మచెట్టుకూ మధ్య తీగ ఉంది. విమానం ఆ రెండింటి మధ్య నుంచి పైకి లేవబోతూ దాన్ని చక్రాలతో ఎత్తుకుంది. ముక్కు కిందికి వంగి, గట్టుకు తగిలి, తిరగబడింది. మా ఆయన జెండా పారేసి పరిగెత్తాడు. అందరూ కలిసి కెప్టెన్ సాబ్‌ను బయటికి లాగి జీపులో వేసుకుని వరంగల్ దవాఖానకు తెచ్చారు. తెచ్చేసరికే అయిపోయింది. తల మా ఆయన ఒళ్ళో ఉందట. దారిలో ఏమన్నా మాట్లాడాడా అని తర్వాత చాలామంది అడిగారు. ఏమీ మాట్లాడలేదు. జీపు డ్రైవరు మా ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. విన్నాను. చేతిలో ఉన్న కండె పూర్తిచేశాను. దాన్ని బుట్టలో వేసి ఇంకొకటి తీసుకున్నాను. అత్తమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపితే గానీ ఆగలేదు. నాకు ఏడుపు రాలేదు. రావాలని చూశాను కూడా, రాలేదు. సాయంత్రం మా ఆయన వచ్చాక నీళ్ళు తోడి పెడితే స్నానం చేశాడు, అన్నం పెడితే తిన్నాడు, చాప వేస్తే పడుకున్నాడు. చక్రానికి చుట్టుకున్న తీగముక్క తన కళ్ళతో చూశాడు కాబట్టి తీగ ఉందని ఆయనకు తెలుసు. ముందురోజు అది తనకెందుకు కనపడలేదన్నదే తెలియలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఉన్న ప్రశ్న అదొక్కటే.

విచారణకు పెద్దవాళ్ళు వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి పొలంలో తాటిచెట్టుకూ తుమ్మచెట్టుకూ మధ్య ఏ తీగా లేదు, చక్రానికి చుట్టుకున్న ముక్క తప్ప. ఆఫీసులో మా ఆయన మేలు కోరే ఒకతను ఇంటికొచ్చి, రాత్రికి రాత్రి ఎవడో తీగ వేశాడని చెప్పు, నీకూ నయం, కంపెనీకీ నయం అని చెప్పి పోయాడు. మా ఆయన, "ఏసినోణ్ణి నేను చూసిన్నా? చూడంది ఎట్ల చెప్తా" అన్నాడు. విచారణలో, తీగ ఉంది, నేను అక్కడ తిరిగాను, నాకు కనపడలేదు అని చెప్పాడు. అంతే రాసుకున్నారు. పైలెట్ తప్పేమీ లేదని తేలింది, అది ఒక్కటే మా ఆయనకు కావాల్సింది. కంపెనీవాళ్ళు పొమ్మనలేదు, ఈయన మళ్ళీ పోలేదు. మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. ఒకసారి మాత్రం ఒక్కడే బస్సెక్కి ఆ ఊరికి పోయి, బతిమిలాడి అడిగాడు. ఏ తీగ సారు, మాకేం తెల్వది అన్నారట. తిరిగొచ్చి దవాఖానలో కళ్ళు చూపించుకున్నాడు. నలభై దాటితే అందరికీ వచ్చే చత్వారమే, దగ్గరివి చూడటానికి అద్దాలు పెట్టుకో, దూరపు చూపుకు ఏమీ కాలేదు అని డాక్టరు నచ్చచెప్పాడు. మా ఆయన దగ్గర, దూరం అన్న తేడా వినిపించుకోలేదు. కళ్ళు పోయాయనే అనుకున్నాడు. నేను ఇంటి వెనక బట్టలారేసే తీగకు మధ్యలో ఒక ఎర్రగుడ్డ ముక్క కట్టి పెట్టాడు. నేను విప్పితే మళ్ళీ కట్టాడు. తర్వాత నేనూ విప్పడం మానేశాను. వచ్చినవాళ్ళు ఏదో మొక్కు అనుకునేవారు, మేం కాదనలేదు.

అలా చాలా ఏళ్ళు. ఆయన మాట్లాడేవాడు, జోకులకు నవ్వేవాడు, పెళ్ళిళ్ళకు వచ్చేవాడు. బయటివాళ్ళు చూస్తే ఏ లోటూ లేదు. నాకు మాత్రం పక్కన పడుకున్న మనిషి ఏదో పొలంలో వెనక్కి వెనక్కి నడుస్తున్నట్టే ఉండేది. కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియక వంటింట్లో గిన్నెల మీద చూపించేదాన్ని. కొన్నాళ్ళకు ఆ కోపం కూడా రావడం మానేసింది. అత్తమ్మ పోయినప్పుడు కూడా మా ఇద్దరికీ కళ్ళ నీళ్ళు రాలేదు, ఊరంతా ఏమనుకుందో ఏమో.

ఎనభైల చివర్లో, మిరపకాయల సీజన్‌లో, ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు ఒకాయన నిలబడ్డాడు. తెల్లపంచె, భుజాన తువ్వాల, ఒళ్ళంతా మిరపకాయల ఘాటు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చి, అక్కడ అమ్ముకుని, అడుగుతూ అడుగుతూ మా ఇల్లు పట్టుకున్నాడట. మా ఆయన మగ్గం గుంటలోంచే చూసి రమ్మన్నాడు. వచ్చినాయన లోపలికి రాలేదు. గడప బయటే గొంతుక్కూర్చున్నాడు. "సారు, నన్ను గుర్తు వట్టరు. గాలి మోటరు పడ్డ మడి పక్కపొంటి నాదే" అన్నాడు. మా ఆయన చేతిలో మగ్గం నాడె ఆగింది.

"మా బాయికి కనెక్షన్ లేకుండె సారు. దరఖాస్తులు పెట్టి పెట్టి యాష్టకొచ్చి, పెద్ద లైనుకు కొండి తగిలిచ్చి, తాటిచెట్టుకెల్లి తుమ్మచెట్టుకు, ఆడికెల్లి బాయి కాడికి తీగ గుంజుకున్న. మీరు ఊరు నడిమిట్ల జీపు దిగి తీగలేమన్న ఉన్నయా అని అడిగిండ్రు. గట్ల అడిగేది కరెంటోళ్ళే గద. పట్టుకపోతరని, మీరు మడి కాడికి వచ్చెటాళ్ళకు తీగ దించి గడ్డివాముల దాచిన. మీరు పోంగనే మల్ల ఏసిన." ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాడు. ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకున్న మాటల్లా ఉన్నాయి.

"గాలి మోటరు వస్తదని డప్పు కొట్టిచ్చినం గద" అన్నాడు మా ఆయన.

"కొట్టిచ్చిన్రు సారు. గాలి మోటరు ఆకాశంల పోతదనుకున్న. తీగ ఎత్తుల పోతదని నాకేమెర్క. పొద్దుగాల కరెంటు ఉండె, నీళ్ళు పారుతాంటె తీయబుద్ధి కాలే." భుజాన తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. "మీరంత గాలి మోటరు కాడికి ఉరికిన్రు. నేను తీగ చుట్టుకొని ఇంటికి ఉరికిన. తర్వాత మీరు మల్ల వచ్చి అడిగిన్నాడు చెప్తే జైలే అనుకున్న. ఇన్నేండ్లాయె, మీకు చెప్పకుంట సావొద్దని వచ్చిన."

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఈ మనిషి మీద పడి కొడితే బాగుండునన్న ఆలోచన ఒకటి వచ్చింది, ఆలోచనగానే వచ్చింది, చేతుల్లోకి రాలేదు. మా ఆయన, తాటిచెట్టుకు ఎంత ఎత్తులో కట్టావని అడిగాడు. నిచ్చెన మీద నిలబడితే అందినంత ఎత్తు అని చెప్పాడాయన. తీగ ఇనుపదా, అల్యూమినియమా అని అడిగాడు. అల్యూమినియం అన్నాడు. మా ఆయన తల ఊపాడు, బజారులో ఏదో సరుకు గురించి విన్నట్టు. "అన్నం తిన్నవా?" అన్నాడు. లేదన్నాడు. నేను కంచం పెట్టాను. ఆయన వద్దు వద్దంటూనే గడప లోపలికి వచ్చి కూర్చుని, తల ఎత్తకుండా తిన్నాడు. పప్పు అయిపోతే మళ్ళీ వేశాను. ఏడుస్తూ తిన్నాడు, ఆ ఇంట్లో ఆ పొద్దు ఏడ్చింది ఆయనొక్కడే. పోతూ పోతూ మా ఆయనకు దండం పెట్టాడు. మా ఆయన అతని భుజం తట్టి, బస్సు ఎక్కడాగుతుందో చెప్పి పంపాడు.

నేను ఇంక ఈ ఇంట్లో ఏదో మారుతుందని కూర్చున్నాను. ఆయనకు తీగ కనపడకపోవడం కాదు, అప్పుడు అక్కడ తీగ లేనే లేదు. ఇన్నేళ్ళూ మా ఆయన తన కళ్ళను తిట్టుకున్నదంతా ఉత్తదే. మగ్గం చప్పుడు మళ్ళీ మొదలైంది. సాయంత్రం దాకా చూసి చూసి, ఇక ఆగలేక గుంట అంచున కూర్చుని, "ఇగనన్న మనసు నిమ్మళమైందా?" అన్నాను. ఆయన పని ఆపకుండానే చెప్పాడు. "మొదట్ల చేసినట్టు అడగకుంట, సప్పుడు చెయ్యకుంట పోతే తీగ ఆడనే ఉండేది. ఉంటే నాకు కనవడేది. నేను అడిగిన కాబట్టి దించిండు." ఇంకో పోగు నేసి, "ఇన్నేండ్ల సంది కెప్టెన్ సాబుకు మనసుల ఒక్క మాట చెప్పుకుంట వచ్చిన, నా కండ్లు మంచిగ లెవ్వు సాబ్ అని. ఇప్పుడు ఏం చెప్పాలె" అన్నాడు. కెప్టెన్ సాబే కదా అడగమని చెప్పింది అనబోయి, అది ఆయనకు తెలియకనా అనిపించి ఊరుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు, బాధ లేదు, నా ముఖంలోనూ ఉండి ఉండదు. దీపం పెట్టే వేళయింది. ఆ రైతు మాట విమానం పడ్డ ఏడే మా గడప తొక్కి ఉంటే ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి ఏడ్చేవాళ్ళం. అన్నేళ్ళు ఆగి వచ్చేసరికి, పొద్దుపోయిందని లేచి, కాళ్ళు కడుక్కుని అన్నాలు తిన్నాం.